పక్క సీటు

వదిన బండి వెనక తలుపులు రెండూ తనే తెరుచుకుని లోపలికెక్కింది. బల్ల మీద కూర్చుని, తలుపులు వేసెయ్యమంది.

మా ఆయన కదల్లేదు.

"వెయ్‌రా తమ్ముడూ. అమ్మ ఎలా కూర్చుని వెళ్ళిందో నేనూ చూడాలి కదా."

ఆయన తలుపులు మూసి వీధివైపు తిరిగి నిలబడ్డాడు. ఎదురింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్నావిడ ఆ పని మానేసి మమ్మల్నే చూస్తోంది. నేను మెట్ల మీద ఉన్నాను. నాలుగు రోజులుగా ఈ ఇంట్లో ఎవరేం చేసినా వద్దనే ఓపిక నాకు లేకుండా పోయింది.

కాసేపటికి లోపల్నుంచి రేకు మీద దబదబా చప్పుడైంది. ఆయన తెరిచాడు. వదిన దిగి, బట్టలకంటిన తెల్లటి పొడి దులుపుకుంది. అద్దాల అంచులు అరగదీసినప్పుడు రాలే పొడి అది. మా ఇంట్లో అది లేని చోటు లేదు. ఎంత తుడిచినా తెల్లారేసరికి మళ్ళీ ఉంటుంది.

"చీకటి. ఊపిరాడదు. ఎటు పోతున్నామో తెలీదు," అంది వదిన. "డెబ్బై ఏళ్ళ మనిషిని ఇందులో పడేసి తిప్పుతున్నార్రా? అమ్మేమన్నా అద్దం పలకా?"

లోపల కుర్చీలో, పిండికట్టు వేసిన కుడిచెయ్యి మెడకు వేలాడేసుకుని, మా అత్తయ్య అంతా వింటూనే ఉంది.

వదిన అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు. అది సరుకుల బండి. ముందు రెండే సీట్లు. వెనకంతా కిటికీల్లేని రేకు పెట్టె. అందులో ఒకవైపు అద్దాల పలకలు ఏటవాలుగా నిలబెట్టే చట్రం, రెండోవైపు ఆయన ప్లైవుడ్డుతో చేసిన బల్ల. ముందుకీ వెనక్కీ మధ్య ఉన్న రేకులో, పక్క సీటు భుజం దగ్గర, అరచేతి వెడల్పున ఒక కంత. ఊరందరి ఇళ్ళకీ కిటికీలు బిగించే మనిషి సొంత బండికి ఒక్క కిటికీ పెట్టించలేకపోయాడు. సరుకు బండికి కిటికీ పెడితే కాగితాల దగ్గర పేచీ వస్తుందట.

టీ తాగుతూ వదిన తన నిర్ణయం చెప్పింది. రేపు పొద్దున ఆసుపత్రిలో కట్టు చూపించాలి కదా, తను వాళ్ళాయన కారు తీసుకుని పదింటికి గేటు దగ్గర ఉంటుంది. అమ్మను అట్నుంచి అటే తన ఇంటికి తీసుకెళ్ళిపోతుంది. కట్టు విప్పేదాకానే అని మొదలుపెట్టింది. సగం గ్లాసు అయ్యేసరికి, కట్టు విప్పాక కూడా కొన్నాళ్ళు అంది. గ్లాసు కింద పెట్టేసరికి అమ్మ ఇక అక్కడే ఉంటుంది అని తేలిపోయింది.

అత్తయ్య ఎడమచేత్తో బిస్కెట్టు టీలో ముంచుతోంది. అది విరిగి గ్లాసులో పడితే ఆ ముక్క కోసం వేలు పెట్టి వెతుకుతోంది.

"తప్పు నాదేనక్కా," అన్నాడు ఆయన.

"నీదే. ఎవరు కాదన్నారు?"

"తను పక్క సీట్లో ఉంది కదా, చూడలేదా అని నువ్వు అనుకోవచ్చు. కనపడి ఉంటే అమ్మను పిలిచి చెప్పేది. అంతకుముందు దారంతా పిలుస్తూనే ఉంది. రంగైనా వేయని స్పీడ్ బ్రేకరు అది, ఎవరికి కనపడుతుంది? నడిపేవాణ్ణి నేను. చూసుకోవాల్సింది నేను."

నావైపు చూడకుండానే అన్నాడు. పదిహేను రోజుల్లో ఆయన నోటివెంట నా ప్రస్తావన రావడం అదే. నన్ను వెనకేసుకొస్తున్నాడని వదిన అనుకుంది. కాదు. ఆయన అది నిజంగా నమ్ముతున్నాడు. నాకు అదే భరించరానిదిగా ఉంది.

"నువ్వేమంటావు మరదలా?" అంది వదిన.

"నేనేమంటాను వదినా," అన్నాను. ఆవిడ గ్లాసు తీసుకెళ్ళి కడుక్కుంటూ, కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతూ, ఆవిడ బస్సుకి టైమయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.

*

ఈ బండి వచ్చి ఏడాది దాటింది. అంతకుముందు మాకు నీలం రంగు పాత కారు ఉండేది. దాని నెత్తిన కిటికీ చట్రాలు కట్టి కట్టి పైకప్పు సొట్టలు పడిపోయింది. ఇక పెద్ద అద్దాలు దాని మీద మొయ్యలేమన్నాడు ఆయన. మెట్ల కింద ఒక్క బండి పెట్టుకునే చోటే ఉంది కాబట్టి కారు ఇచ్చేసి ఇది తెచ్చాడు. ఒక్క ఏడాది ఓపిక పట్టు, పని కుదురుకోగానే షెడ్డు చూసుకుని దీన్ని అక్కడ పెడతా, ఇంటికి మళ్ళీ కారు తెస్తా అన్నాడు. నేను సరేనన్నాను.

ఆ ఏడాది ఎలా గడిచిందో నాకు తెలుసు. మంచి బట్టలు కట్టుకుని, కింద పాత దుప్పటి పరుచుకుని, అద్దాల చట్రానికి ఎదురుగా కూర్చుని వెళ్ళేదాన్ని. చుట్టాల ఇంట్లో పెళ్ళికి వెళ్తే హాలు కాపలావాడు మమ్మల్ని వెనక గేటుకు పంపించాడు, వంటసామాన్లు అక్కడ దింపుకోవాలని. అత్తయ్య పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఏడాదే కదా అని నవ్వాను.

ఏడాది పూర్తయిన వారానికి ఆయన బండికి రెండువైపులా అక్షరాలు రాయించుకొచ్చాడు. కిటికీ అద్దాలు, తలుపు అద్దాలు, నిలువుటద్దాలు, కొలిచి కోసి బిగించబడును. పిలిస్తే వస్తాం. దాని కింద ఫోన్ నంబరు. నాది.

నన్ను ఒక్కమాట అడగలేదు. అద్దం పట్టుకున్నప్పుడు తను ఫోను ఎత్తలేడట. ఓపిగ్గా మాట్లాడటం నాకు వచ్చట. నేను పళ్ళ డాక్టరు దగ్గర ముందు డెస్కులో పనిచేస్తాను. ఆ రోజునుంచీ పన్ను నొప్పివాళ్ళు ఎదురుగా, అద్దం పగిలినవాళ్ళు ఫోన్లో. దవడ పట్టుకుని కూర్చున్న పెద్దాయనను ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాలని అడిగానట ఒకరోజు. డాక్టరు బయటికొచ్చి మరీ చూశాడు.

నంబరు సంగతి అలా ఉంచి, అసలు అంతంత అక్షరాలు రాయించిన బండిని ఎవరైనా షెడ్డులో పెడతారా? ఇక కారు రాదని నాకు అప్పుడే అర్థమైంది. ఆ మాట అడిగితే, రాయిస్తే ఏమైంది, బండి బండే కదా అన్నాడు. నేను మాట్లాడటం మానేశాను. ఇరవై ఒక్క ఏళ్ళ కాపురంలో ఎప్పుడు అలిగినా ముందు మాట కలిపింది నేనే. ఈసారి మాత్రం కాదనుకున్నాను.

ఇద్దరి మధ్యా మాటలు మొయ్యడం అత్తయ్య పనైంది. తాళాలు ఎక్కడున్నాయో అడుగు అత్తయ్యా అని నేను, మేకు మీదే ఉన్నాయని చెప్పమ్మా అని ఆయన. ముగ్గురం ఒకే గదిలో ఉండేవాళ్ళం. పదిరోజులు మోసి, ఉప్పు అందించమని కూడా నేనే చెప్పాలా అని ఆవిడ విసుక్కుంది. పదకొండో రోజు కళ్ళ పరీక్షకు బయల్దేరేటప్పుడు, ముందు సీట్లో నడుం పట్టేస్తోందని చెప్పి, నన్ను అక్కడ కూర్చోమని తను వెనకెక్కింది. ఆవిడ నడుముకి ఏమీ కాలేదు. మమ్మల్నిద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టాలని ఆవిడ ఎత్తు.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. పెద్ద అద్దాన్ని ఇద్దరు మోస్తారు. ముందు పట్టిన మనిషికి దారి కనపడుతుంది. వెనక పట్టిన మనిషికి అద్దం తప్ప ఏమీ కనపడదు. అందుకని ముందున్నవాళ్ళు మెట్టు, గడప, మలుపు అని పిలుస్తూ నడవాలి. వెనకున్నవాళ్ళు విని "ఆ" అనాలి. "ఆ" రాకుండా ముందుమనిషి అడుగు వెయ్యకూడదు. మామగారు ఈ పని మొదలుపెట్టిన కాలంలో వెనక పట్టిన మనిషి మా అత్తయ్యే. పన్నెండేళ్ళు మోసింది. బండి వచ్చాక అదే పద్ధతి బండిలోకీ వచ్చింది. ఆయన దారి చూసుకుంటాడు. పక్క సీటు మనిషి కంతలోంచి పిలవాలి. వెనకున్నవాళ్ళు బల్ల అంచు పట్టుకుని "ఆ" అనాలి.

ఆ రోజు నేను పిలిచాను. పిలుపు అత్తయ్యకు కాబట్టి, ఆయనతో మాట్లాడినట్టు కాదని నాకు నేను చెప్పుకున్నాను. ఎడమ, "ఆ". గుంట, "ఆ". గతుకు, "ఆ". ఏడెనిమిది పిలిచి ఉంటాను. నా పిలుపు వింటూనే ఆయన బండి నెమ్మది చేస్తున్నాడు. నేను చెప్పకపోతే చెయ్యడం లేదు. పక్కకు చూస్తే మొహంలో ఎంత నిశ్చింతో. వేళ్ళతో స్టీరింగు మీద తాళం కూడా వేస్తున్నాడు. బయట నా నంబరు, లోపల నా నోరు. బండి కుదిరింది, మనిషీ కుదిరిందని అనుకుంటున్నాడని నాకు తోచింది. ఒళ్ళు మండిపోయింది.

కలప డిపో దాటగానే కొత్తగా కట్టిన స్పీడ్ బ్రేకరు. రంగు వేయలేదు. నాకు కనపడింది. బాగా కనపడింది. ఈ ఒక్కటీ తనే చూసుకోనీ అనుకున్నాను.

అనుకుని, నా ముందున్న పిడిని రెండుచేతులా పట్టుకున్నాను.

నన్ను నేను చాలా రకాలుగా సమర్థించుకోగలను, నాలుగు రోజులుగా అదే చేస్తున్నాను. కానీ ఆ పిడి దగ్గరికొచ్చేసరికి ఏ సమర్థనా నిలబడదు. నేను పడకుండా చూసుకున్నాను.

వెనక దభీమన్న చప్పుడు వచ్చింది. తర్వాత చిన్నగా, అబ్బా అని.

డాక్టరు దగ్గర అత్తయ్య తనే పట్టు వదిలేశానని చెప్పింది. ఆయన తనే చూసుకోలేదని చెప్పాడు. నన్ను ఎవరూ అడగలేదు.

*

వదిన వెళ్ళాక, అత్తయ్య బట్టలు సర్దడానికి గదిలోకి వెళ్ళాను. మంచం మీద కూర్చుని ఉంది. సంచీ తెరిచి పక్కన పెట్టాను. ఎన్ని జతలు పెట్టమంటావని అడిగితే నీ ఇష్టం అంది.

"వెళ్తావా అత్తయ్యా?"

"వెళ్తానని నేను అనలేదు. వెళ్ళనని కూడా అనలేదు. మీరంతా మాట్లాడుకున్నారు, నేను టీ తాగాను."

నాలుగు జతలు పెట్టాను. ఒకటి తీసి మూడు చేశాను. ఆవిడ వెళ్ళిపోతే ఈ ఇంట్లో ఇద్దరు మూగవాళ్ళం మిగులుతాం. అంతేనా అంటే అంతే కాదు. సాయంత్రం పని నుంచి వచ్చి చెప్పులు విడిచీ విడవకముందే, ఇవాళ ఎవరి పన్ను పీకారని అడిగే మనిషి ఇంకెవరూ లేరు నాకు.

"ఆ సాక్సు తొడుగు అమ్మాయ్, కాళ్ళు చల్లగా ఉన్నాయి," అంది.

కింద కూర్చుని తొడగబోతుంటే కుడిపాదం మీద మచ్చ కనపడింది. బొటనవేలి మొదలు నుంచి మడమ దాకా తెల్లటి గీత. ఎన్నోసార్లు చూశాను, అద్దం గీరుకుందని విన్నాను. పనిలో మామూలే కదా అని ఎప్పుడూ అడగలేదు.

"అది బట్టల కొట్టు నిలువుటద్దం," అంది ఆవిడే. "మీ మామగారికీ నాకూ పొద్దున ఏదో గొడవ. ఏం గొడవో ఇప్పుడు గుర్తు కూడా లేదు. రెండో అంతస్తు నుంచి దింపుతున్నాం. అన్ని మెట్లూ పిలిచాడు. ఆఖరి మెట్టు పిలవలేదు."

ఆవిడ నావైపు చూడటం లేదు, గోడ వైపు చూస్తోంది.

"కనపడలేదన్నాడు. ఆసుపత్రిలో అదే అన్నాడు. ఇంటికొచ్చాకా అదే. ముసలాడయ్యాక ఒకసారి సరదాగా అడిగాను, ఇప్పుడేముంది, చెప్పేయరాదా అని. కనపడలేదే అన్నాడు. పోయేదాకా అదే మాట మీద ఉన్నాడు."

"కోపం వచ్చిందా అత్తయ్యా?"

"కోపం ఎంతకాలం ఉంటుంది? కాలు మానింది, కోపమూ పోయింది. కానీ ఆ తర్వాత ఇంకో ఏడేళ్ళు మోశాను ఆయనతో. ఆయన మెట్టు అంటే నేను ముందు కాలితో తడుముకునేదాన్ని. ఉందో లేదో చూసుకుని అప్పుడు 'ఆ' అనేదాన్ని. మంచివాడే మీ మామగారు. మాట మీద కాలు వెయ్యలేకపోయాను, అంతే."

ఆవిడకు తెలుసని నాకు ఆ క్షణంలో తెలిసిపోయింది. ఎలా తెలుసో తెలియలేదు. అత్తయ్యా అన్నాను. మిగతాది చెప్పబోతుంటే ఫోను మోగింది.

"ఎత్తు," అంది ఆవిడ. "ఎవరింట్లోనో అద్దం పగిలింది."

ఎత్తాను. వంటింటి కిటికీ, కింది పలక, బంతి తగిలింది. ఎన్ని అంగుళాలని అడిగాను, చిరునామా రాసుకున్నాను. ఫోను పెట్టేసరికి ఆవిడ పడుకుని గోడవైపు తిరిగింది. మేలుకునే ఉందని నాకు తెలుసు. దీపం తీసేసి, సంచీ మూసేసి వచ్చేశాను.

పిరికిదాన్ని. ఇంకో మాట వెతుక్కోవక్కర్లేదు.

*

పొద్దున ఆయన ముందు తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. అత్తయ్య ఆ తలుపు దాటి బండి వెనక్కి నడిచింది.

"అమ్మా, ఇవాళ ముందు కూర్చో. వెనక నిన్ను చూసిందంటే అక్క నన్ను చంపేస్తుంది."

"ఆసుపత్రి దగ్గరికి వచ్చాక ముందుకు మారతాలే. ఇప్పుడు తలుపు తియ్యి."

ఆయన నావైపు చూడబోయి మానేశాడు. ఇలాంటప్పుడే భార్యాభర్తలకి మాటలుండాలి. ఇద్దరం ఒక మాట మీద ఉండి ఉంటే ఆవిణ్ణి ముందుకు ఎక్కించగలిగేవాళ్ళం. ఆయన వెనక తలుపులు తెరిచాడు.

ప్రమాదం జరిగిన మర్నాడే ఆయన వెనక బల్లకు రెండు బెల్టులు బిగించాడు. ఎడమచేతికి అందేట్టు గోడకు ఒక కడ్డీ పెట్టాడు. బల్లమీద పరుపుముక్క వేసి కుట్టాడు. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఇప్పుడు వంగి వాళ్ళమ్మకు బెల్టు పెట్టి, లాగి చూసి, మళ్ళీ లాగి చూశాడు. సంచీ జారకుండా చట్రానికి తాడుతో కట్టాడు. అద్దాలకు ఎంత జాగ్రత్త పడతాడో అంత జాగ్రత్త. నాకు ఏడుపొచ్చింది. వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాను.

బండి కదిలింది.

"ఎడమ," అన్నాను కంతలోంచి.

"ఆ."

"గుంట."

"ఆ."

నా పిలుపుకీ ఆవిడ "ఆ"కీ మధ్య కొంచెం ఎడం ఉంది. ఇదివరకు ఉండేది కాదు. నేను పిలిచాక ఆవిడ ఏదో చూసుకుంటోంది. కాలు నేలకు తన్నిపెట్టుకుంటోందో, కడ్డీ గట్టిగా పట్టుకుంటోందో. తన పట్టు తను సరిచూసుకున్నాక అప్పుడు అంటోంది. ప్రతిసారీ అంతే. ఆయనకది తెలియలేదు. ఎలా తెలుస్తుంది, "ఆ" వస్తోంది కదా. ఆయన పూర్తిగా నా నోటి మీదే నడుపుతున్నాడు. నిన్న వాళ్ళక్క అన్ని మాటలన్నాక కూడా అంతే. నా పిలుపు మీద ఆయనకు ఏ అనుమానమూ లేదు.

ఒళ్ళో ఫోను మోగింది. వదిన. ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చేశామని, కారు లోపల పెట్టనివ్వడం లేదని, త్వరగా రమ్మని. వస్తున్నామన్నాను.

కలప డిపో దగ్గరికొచ్చాం. ఎవరు ఫిర్యాదు చేశారో, ఈ నాలుగైదు రోజుల్లో స్పీడ్ బ్రేకరు మీద తెల్లగా గీతలు వేశారు. వీధి మొదట్నుంచే కనపడుతోంది. నా చేతులు పిడి మీదికి పోబోతే ఒళ్ళో పెట్టి నొక్కుకున్నాను.

"గతుకు," అన్నాను.

వెనక నుంచి ఏమీ రాలేదు.

ఆయన బండి నెమ్మది చేశాడు.

"గతుకు, అత్తయ్యా."

లేదు. ఆయన బ్రేకు వేశాడు. బండి సరిగ్గా తెల్ల గీతలకు ముందు ఆగింది. "ఆ" రాకుండా కదలకూడదు, చిన్నప్పట్నుంచీ ఆయనకు తెలిసిన పద్ధతి అదొక్కటే. వెనకొస్తున్న లారీ హారను కొట్టింది.

"అమ్మా, నిద్రపోయావా?"

"మెలకువగానే ఉన్నానురా."

గొంతు చాలా దగ్గర్నుంచి వచ్చింది. కంతకు మొహం ఆనించి ఉన్నట్టుంది. నా భుజానికి ఆవిడ ఊపిరి తగులుతోంది.

"అమ్మాయ్. ఆ రోజు సరిగ్గా ఇక్కడికి వచ్చే ముందు నువ్వు పిడి పట్టుకున్నావు. రెండుచేతులూ పెట్టి పట్టుకున్నావు. ఇందులోంచి చూశాను. ఏం చూసి పట్టుకుందోనని అనుకుంటూ ఉండగానే పడ్డాను. నీకది కనపడిందా?"

"అమ్మా," అన్నాడు ఆయన. గొంతులో విసుగు, అలసట. "కనపడితే పిలవదా? ఎన్నిసార్లు చెప్పాలి నేను? తను అలాంటిది కాదు."

"నిన్నడగలేదు. అమ్మాయిని అడిగాను."

లారీ మళ్ళీ హారను కొట్టింది. నా ఒళ్ళో ఫోను మళ్ళీ మోగడం మొదలుపెట్టింది. సమాధానం నా నాలుక చివర సిద్ధంగా ఉంది. లేదత్తయ్యా, మామూలుగా పట్టుకున్నాను, నాకు అలవాటే. ఎవరూ కాదనలేరు. ఆయన నమ్ముతాడు, ఈసరికే నమ్మాడు. అత్తయ్య కూడా "ఆ" అంటుంది. కాసేపాగి, పట్టు చూసుకుని, అంటుంది. బండి కదులుతుంది. ఆవిడ గేటు దగ్గర కారెక్కుతుంది. ఇక నేను ఏం చెప్పినా, పోయేదాకా, ఆవిడ కాలితో తడుముకుంటూనే ఉంటుంది.

"కనపడింది అత్తయ్యా," అన్నాను. "కనపడే పిలవలేదు."

ఫోను మోగి మోగి ఆగిపోయింది.

"ఆ," అంది అత్తయ్య వెనక నుంచి. వెంటనే అంది.

దారి ఖాళీగా ఉంది. "ఆ" వచ్చింది. ఇక బండి కదలాలి.

ఆయన గేరు మీది చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.